ఎనిమిది గుడ్డల గొడుగు

అది వద్దు తల్లీ. ఇందాక ఫోన్లో చూపించావే, మెరిసే కాగితం చుట్టిన పెట్టె, దాంట్లో ఇంకో పెట్టె, దాని లోపల సబ్బులూ కొవ్వొత్తులూ... అది మీ అమ్మమ్మకి వద్దు. పెట్టెలన్నీ విప్పేసరికి ఆవిడకి ఆకలేస్తుంది. ఆవిడకి ఏమిస్తే బాగుంటుందని అడిగావు చూడు, ఆ ప్రశ్న మాత్రం మంచిదే. అదే ప్రశ్నతో నేనూ ఒక వానాకాలమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చెప్తాను, రాసిపెట్టు. నా రాత కోడి కెలికినట్టుంటుంది, నీ అక్షరాలైతే ముత్యాలు. చెయ్యి నొప్పెడుతుందని భయపడకు, నిదానంగానే చెప్తాను. నేను తొందరగా మాట్లాడటం నువ్వెప్పుడు విన్నావు గనక?

అప్పటికి మీ అమ్మకి పెళ్ళి కాలేదు. దూరంగా హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మేమిద్దరమే. వీధిలోకి తెరుచుకునే ముందు గది గొడుగుల కొట్టు, తెర తీస్తే వెనక గది ఇల్లు. ఊచలు, కర్ర, పిడి, స్ప్రింగు నావి. గుడ్డా సూదీ ఆవిడవి. ఇనుము నాదీ, కుట్టు ఆవిడదీ. పెళ్ళయిన మర్నాటి నుంచీ అదే వాటా. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టం. బాగుచేసిన ప్రతి గొడుగునీ గుమ్మం ముందు తెరిచిపెట్టి, చెంబుతో నీళ్ళు పోసి చూసేవాణ్ణి, కారుతుందో లేదోనని. చుక్క కారినా మళ్ళీ ఆవిడ ఒళ్ళోకే.

మా కొట్లో ఒక నియమం ఉండేది. బాగుచేయమని ఇచ్చి తీసుకెళ్ళడం మర్చిపోయేవాళ్ళు చాలామంది. ఆ గొడుగులన్నీ వెనక గోడకి ఒక కడ్డీ మీద వేలాడుతుండేవి, గబ్బిలాల్లాగ. మూడు వానాకాలాలు గడిచేదాకా వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ తర్వాతే విప్పి, ఊచ ఒకదానికీ గుడ్డ ఒకదానికీ వాడుకోవాలి. మా నాన్న పెట్టిన నియమం. నాకు అది దేవుడి మాట.

ఆ ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చింది.

"రెండేళ్ళ కింద ఇచ్చాను బాబూ, ఊదారంగు పట్టు గొడుగు. ఒంట్లో బాగాలేక రాలేకపోయాను. ఈపాటికి పారేసి ఉంటారు."

"పారెయ్యడమా! మా దగ్గర మూడు వానాకాలాల లెక్క టీచరుగారూ. పెట్టింది పెట్టినట్టే ఉంటుంది" అని ఛాతీ పొంగించుకుని కడ్డీ మీంచి తీసుకొచ్చి, ఆవిడ ముందు ఠప్పుమని తెరిచాను. నీళ్ళు చివ్వున చిమ్మి ఆవిడ కళ్ళజోడు మీద పడ్డాయి.

ఆవిడ కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడుచుకుంది. "రెండేళ్ళ కిందటి వాన ఇంకా ఆరలేదా బాబూ?" అంది.

నా మొహాన కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు. "ఏమే!" అని లోపలికి కేకేశాను. మీ అమ్మమ్మ తెర పక్కకి తీసి నిలబడింది. గొడుగు వైపు చూసి, "గొడుగన్నాక తడవదా?" అంది, అంతే.

టీచరమ్మ పకపకా నవ్వింది. "నిజమే కదమ్మా. కట్టని చీర పెట్టెలోనే చిరుగుతుంది. దీన్ని నాలుగడుగులు తిప్పి తెచ్చిందెవరోగానీ మంచి పనే చేశారు" అని గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ నవ్విందిగానీ నాకు ఒళ్ళు మండిపోయింది. "జనం మనల్ని నమ్మి ఇచ్చిన సొత్తు అది! వేసుకుని ఊరేగుతావా?"

"నేను ఊరేగడం నువ్వు చూశావా?"

అనేసి అక్కడే కూర్చుని దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించసాగింది. ఎంతసేపు ఎక్కించిందో. ఆ రోజు నేను అది చూశాను తల్లీ, పట్టించుకోలేదు. నా ధ్యాసంతా తడిసిన గొడుగు మీదే.

అప్పుడు లెక్క తగిలింది. ఆ వానాకాలంలో మీ అమ్మమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక, "దారం కొనుక్కొస్తా" అని వెళ్ళేది. ఆ నెలలో కొన్న దారంతో ఊరిని రెండు చుట్లు చుట్టి ముడేయొచ్చు. అంత దారం ఏ గొడుగుకి పోయింది?

మర్నాడు మధ్యాహ్నం వాన సన్నగా, వదలకుండా పడుతోంది. దారానికని ఆవిడ వెళ్ళింది. కడ్డీ మీద లేతపసుపు గొడుగు లేదు. కొట్టు తలుపు దగ్గరగా వేసి, నేనూ వెనకాలే బయల్దేరాను. దొంగని పట్టుకోబోతున్నట్టు గోడవారగా నడిచాను. నా నెత్తి మీద గొడుగు లేదు. గొడుగుల కొట్టువాడు వానలో తడుస్తూ పెళ్ళాం వెనక వెళ్ళడం ఎవరైనా చూసి ఉంటే ఏడాదిపాటు నవ్వుకునేవాళ్ళు.

దారం కొట్టు దాటింది. వీధి చివర, బడి ప్రహరీ గోడ దగ్గర ఆగింది. నేను రొట్టెల కొట్టు ముందు రేకు కింద నక్కాను. చేతిసంచీలోంచి ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసింది. కాగితం చిరగకుండా విప్పి, మడతపెట్టి, మళ్ళీ సంచీలో వేసుకుంది. బిళ్ళ నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత గొడుగుని బాగా కిందికి, మొహం మీదికి దించి, తలెత్తి లోపలి నుంచి చూడటం మొదలుపెట్టింది. ఒక కన్ను మూసి చూసింది. ఇంకో కన్ను మూసి చూసింది. కర్రని చేతుల మధ్య మెల్లగా తిప్పుతుంటే చుట్టూ చుక్కలు ఎగిరిపోతున్నాయి. ఆ లేతపసుపు వెలుగంతా ఆవిడ మొహం మీద ఉంది. గుడ్డులో ఉన్న కోడిపిల్లకి వెలుగు అలాగే కనిపిస్తుందేమో అనుకున్నాను.

పాతికేళ్ళుగా గొడుగులు బాగుచేస్తున్నవాణ్ణి. లోపలి నుంచి చూడని రోజు లేదు. కానీ నేను చూసింది చిల్లులు, తుప్పు, విరిగిన ఊచలు. ఊరికే, ఏమీ వెతక్కుండా, ఎప్పుడైనా చూశానా? నాకు కోపం ఎటుపోయిందో తెలియలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

పావుగంట అయ్యాక తిరుగుముఖం పట్టింది. నేను దాక్కోవడానికి చోటు లేదు. దొరికిపోయాను, ఏం చెప్పాలా అనుకుంటూ రేకు కింద నుంచి ముందుకొచ్చి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ తిన్నగా నా వైపే చూస్తూ వచ్చింది. మూడడుగుల దూరానికి వచ్చాక కొంచెం పక్కకి జరిగింది, కరెంటు స్తంభానికి జరిగినట్టు. జరిగి, వెళ్ళిపోయింది.

పిప్పరమెంటు వాసన తగిలింది నాకు. వానలో అక్కడే ఉండిపోయాను.

సాయంత్రం ఆవిడ కుట్టిన గొడుగులు నాలుగు తీసి చూశాను. ఒకదాని కుట్టు అంచు దాటి పక్కకి పోయింది. అది తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఆవిడ కంటితో చూడలేదు, బొటనవేలితో కుట్టు వెంట తడిమింది. వేలు తప్పిన చోట ఆగింది.

"కళ్ళ డాక్టరమ్మకి చూపించుకున్నా. వానలు మొదలైనప్పుడే" అంది.

"ఏమంది?"

"నడిమధ్య మసక. చుట్టూ కాస్త కనిపిస్తుంది. అదీ మెల్లగా పోతుందట. దీనికి మందు లేదట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే సూది లాక్కుంటావని."

"నేనెందుకు లాక్కుంటానే!" అన్నాను. అన్నానా తల్లీ? వారం తిరక్కుండా అదే చేశాను.

ఇద్దరం కలిసి మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడా అదే మాట. వచ్చిన మర్నాడే గుడ్డ పనంతా మూలమీద దర్జీకి అప్పజెప్పేశాను. "నువ్వు హాయిగా కూర్చో, ఇన్నాళ్ళూ చేసింది చాలు" అన్నాను. ప్రేమగానే అన్నాను, ఒట్టు. ఆవిడ హాయిగా కూర్చుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళో రెండు చేతులూ పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు. మధ్యాహ్నం బయటికి వెళ్ళడం కూడా మానేసింది.

"వెళ్ళి రారాదా?" అన్నాను ఒకరోజు, ఏమీ తెలియనట్టు.

"దేనికి? దారం అక్కర్లేదుగా" అంది.

నేను రొట్టెల కొట్టు మాట ఎత్తలేదు. ఎత్తితే, నన్ను గుర్తుపట్టకుండా నా పక్కనుంచే వెళ్ళిందని ఆవిడకి చెప్పాల్సి వస్తుంది.

రోజురోజుకీ మాటలు తగ్గిపోయాయి. ఇంతకుముందు నేను సుత్తి తప్పుగా కొడితే తెర వెనక నుంచి ఒక వెక్కిరింత వినిపించేది. ఇప్పుడు వేలు చితక్కొట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. నువ్వు నవ్వకు, అది నిజంగా భయమేసే సంగతి.

నాకూ ఒక దొంగతనం ఉండేదిలే. పొద్దున్నే ఆవిడ లేవకముందు, సందు చివర టీకొట్టుకి వెళ్ళి, ఒక టీ, రెండు బిస్కెట్లు. ఇంట్లో టీ ఉండగా! ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఆ టీకొట్టు ఆయన్ని అందరూ రేడియో అనేవాళ్ళు, నోరు మూతపడదని. ఆయనకి నా బాధ చెప్పుకున్నాను.

"ఆడవాళ్ళకి మంచి వస్తువేదైనా కొనివ్వాలి బాబాయ్. గంటలు కొట్టే గడియారం వచ్చింది బజార్లో. చూడక్కర్లేదు, వింటే చాలు" అన్నాడు.

మెరుపు కాగితం చుట్టించి తెచ్చాను. నీలాగే అన్నమాట. ఆవిడ కాగితం విప్పి, గడియారం చెవి దగ్గర పెట్టుకుని విని, అరలో పెట్టింది. "బాగుంది. టైమెంతో చెబుతుంది. ఆ టైములో నేనేం చెయ్యాలో మాత్రం చెప్పదు" అంది. దెప్పిపొడవలేదు తల్లీ, ఉన్నమాట అంది. దెప్పిపొడిచినా బాగుండేది.

ఇక అసలు సంగతికి వస్తున్నా. ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు కూర్చుని, బాగుచేసిన గొడుగు మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. తెర వెనక నుంచి మాట వినిపించింది.

"పిల్లల ప్లాస్టిక్ గొడుగు కదూ? కారుతోంది చూడు, పిడికి ఎదురు ముక్కలో."

చూశాను. కారుతోంది, సూదిమొనంత. నా కళ్ళకే అగుపడలేదు.

ఇంకో గొడుగు తెరిచి నీళ్ళు పోశాను. "ఇదీ?"

"మైనం పూసిన గుడ్డ. పెనం మీద గింజలు వేగినట్టు ఉంటుంది."

"మరిదీ?"

"పాత నల్ల నూలు. వాన తాగేస్తుంది అది, పైకి చెప్పదు. మీ నాన్నలాగ."

కడ్డీ మీదవన్నీ ఒక్కొక్కటే దించి పోస్తూనే ఉన్నాను, వీధి వీధంతా నీళ్ళు. ఒక్కటి తప్పు చెప్పలేదు. నైలాను గొణుగుతుందట. పట్టు దూరంగా ఎవరో నడిచి వస్తున్నట్టు వినిపిస్తుందట. ఒకే చెంబు, ఒకే నీళ్ళు. నాకు అన్నీ టపటపే. ఆవిడ ఆ వానల్లో గొడుగులు చూడటమే కాదు, విని కూడా పెట్టుకుంది.

ఆ నిమిషంలో తట్టింది ఏమివ్వాలో. మూడు వానాకాలాలు దాటిన గొడుగుల్లోంచి ఒక్కో గుడ్డ ముక్క తీసి, ఎనిమిది ముక్కలూ ఎనిమిది రకాలుగా ఒక గొడుగు కట్టాలి. పిడి తిప్పితే వాన మారుతుంది. కొత్తది ఏదీ కొనక్కర్లేదు.

నల్ల నూలు దొరికింది, మైనం గుడ్డ దొరికింది, నైలాను, ప్లాస్టిక్, ఎండకి వేసే పెద్ద గొడుగు మందపు గుడ్డ ఒకటి. అలా ఆరు దాకా కుదిరాయి. మూడు వానాకాలాలు దాటిన పట్టు లేదు. సిగ్గు విడిచి టీచరమ్మ ఇంటికి వెళ్ళి సంగతంతా చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి తన ఊదారంగు గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒక ముక్క కోసుకుని, ఆ చోట మీ దగ్గరున్న నల్ల గుడ్డ వేసివ్వండి. ఎవరైనా అడిగితే నేనూ ఒక కథ చెప్పుకుంటాను" అంది. ఎనిమిదోది మీ అమ్మది. చిన్నప్పుడు బడికి వేసుకెళ్ళిన వానకోటు, ట్రంకుపెట్టె అడుగున ఉంటే తీశాను.

ఇప్పుడు చెప్పు, ఇందులో తప్పెక్కడుంది? గొడుగుల పని తెలిసినవాడెవడైనా చెప్తాడు. ఒక గొడుగుకి ఒకే తాను గుడ్డ. ఒక్కో గుడ్డ ఒక్కోలా సాగుతుంది. కలిపి కుడితే అన్నీ తలో దిక్కూ లాగుతాయి. మా నాన్న నాకు మొదటి రోజే చెప్పిన పాఠం. మూలమీద దర్జీ గుడ్డలు చూడగానే చేతులు జోడించాడు. "నన్నొదిలేయ్ అన్నా, నాకింకా బుద్ధి ఉంది" అన్నాడు. నాకు వినిపిస్తేనా? ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడూ, నిద్రపోయినప్పుడూ పది రోజులు నేనే కుట్టాను. జన్మలో మొదటిసారి ఆవిడ వాటా పనిలో వేలు పెట్టాను.

ఆ రోజు విశేషమేమీ లేదు, వాన తప్ప. కాగితం చుట్టలేదు. ఆవిడ ముందు నిలబడి, "ఇదిగో, నీకు" అని గొడుగు తెరిచాను.

అది సగం తెరుచుకుంది. తర్వాత మూతి వంకర తిప్పింది. పట్టు వైపు బిగుసుకుని, నైలాను వైపు ఉబ్బి, మెలి తిరిగి, ఒక ఊచ టంగుమని ఊడి అరలో ఉన్న గడియారానికి తగిలింది. గడియారం కిందపడి గంటలు కొట్టడం మొదలుపెట్టింది. పది కొట్టింది, పన్నెండు కొట్టింది, ఇరవై దాటినా ఆగలేదు.

మీ అమ్మమ్మ నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత ఒళ్ళంతా. నెలన్నర తర్వాత ఆ నవ్వు. "ఆపవయ్యా దాన్ని, ఇవాళే ముసలైపోతాం!" అంది. గడియారం మీద దిండు వేసి నొక్కాను.

చెయ్యి చాచింది. గొడుగు ఇచ్చాను. ఒక్కో ముక్కా తడుముతూ వెళ్ళింది. "నల్ల నూలు. మైనం గుడ్డ. ఇది టీచరమ్మ పట్టు!" ఒకచోట వేళ్ళు ఆగిపోయాయి. జేబు ఊడదీసిన కుట్టు గుర్తు తగిలింది. "మన పిల్లది" అంది మెల్లగా. చాలాసేపు ఆ ముక్క వదల్లేదు.

"ఇది కుట్టిందెవరు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది. గోనెసంచి మూతి కుట్టినట్టుంది." ఆ కుట్టుని గోటితో గీకి, "సూది ఇవ్వు" అంది.

దారం ఎక్కించి ఇచ్చాను. వెనక్కి తీసుకోవడం ఇంక నా వల్ల కాలేదు.

నాలుగు రోజులు పట్టింది. నా కుట్లన్నీ విప్పేసింది. ఒక్కో గుడ్డనీ లాగి, చెంపకి ఆనించి, వదిలి, మళ్ళీ లాగి, ఎంత సాగుతుందో వేళ్ళకి నేర్పుకుంది. బిగువు గుడ్డకి కాస్త వదులిచ్చింది. వదులు గుడ్డని లోపలికి మడిచింది. కళ్ళు ఎటో కిటికీ వైపు ఉండేవి. సూది మాత్రం చీమ బారులో చీమలాగ నడిచేది. పక్కన కూర్చుని నేను ఊపిరి బిగపట్టుకుని చూసేవాణ్ణి. పాతికేళ్ళు ఒకే కొట్లో పనిచేశాను. ఆ చేతులు అంత పని చేస్తాయని నాకు తెలియదు తల్లీ. ఆవిడకీ తెలియదట, తర్వాత చెప్పింది.

అయిదో రోజు తెరిచింది. ఒక్క ఊచ కూడా పక్కకి చూడలేదు.

గుమ్మం దిగి వానలో నిలబడింది. పిడి పట్టుకుని మెల్లగా తిప్పుతూ, "పట్టు... ప్లాస్టిక్... మీ నాన్న... మన పిల్ల..." అని ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టు చెప్పుకుంటోంది. "నువ్వూ రా" అంది. గొడుగు కిందికి వెళ్ళి కళ్ళు మూసుకున్నాను. మొదట నాకు టపటపలే. కాసేపటికి ఒకటి విడిపోయింది, ఇంకోటి విడిపోయింది. తల మీద ఒకే ఆకాశం, అందులోంచి ఎనిమిది వానలు పడుతున్నాయి. ఇప్పుడు తలుచుకున్నా నా చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి, చూడు.

మర్నాటి మధ్యాహ్నం అన్నం తిన్నాక, "దారం కొనుక్కొస్తా" అంది. గొడుగు అందించాను. ఎడంచేత్తో గోడ తడుముకుంటూ వెళ్ళింది. వెనక వెళ్ళాలని నా కాళ్ళు పీకాయి. వెళ్ళలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డానంతే. ఆ పావుగంట ఆవిడది.

వచ్చాక తడి గొడుగు మేకుకి తగిలించి, నా అరచేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టింది. "రోజూ బిస్కెట్లేనా? ఇదీ తిని చూడు" అంది. అన్నేళ్ళూ తెలుసన్నమాట ఆవిడకి.

మూలమీద దర్జీ దగ్గరున్న గుడ్డలన్నీ ఆ సాయంత్రమే తెచ్చేశాను. ఆ తర్వాత చూపు పూర్తిగా పోయింది. కొట్టు మూసేదాకా ప్రతి గొడుగూ ఆవిడే కుట్టింది. ఆ ఎనిమిది గుడ్డల దానికి ముక్కలు మూడుసార్లు మార్చింది, మీ అమ్మ వానకోటుది తప్ప.

అందుకే తల్లీ, ఆ పెట్టెలు వద్దన్నాను. నీ పాత చున్నీ ఒకటి, నీలంది, రెపరెపమంటుందే, అది దాచి ఉంచు. ఆ గొడుగులో ఒక ముక్క చిరగడానికి సిద్ధంగా ఉందని మొన్న మీ అమ్మమ్మే అంది.

ఇదంతా రాశావుగా. ఆవిడ చెల్లెలింటి నుంచి రావడానికి ఇంకో పది రోజులు పడుతుంది. ఇవాళే ఫోన్ చేసి చదివి వినిపించు. ఆవిడ తనంతట తను చదువుకోలేదుగా. రొట్టెల కొట్టు దగ్గర కాస్త నిదానంగా చదువు, ఆ సంగతి నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. కరెంటు స్తంభం నేనేనని చెప్పు. ఇక్కడ వాన మొదలైందని చెప్పు. గొడుగు మేకుకే ఉందని, నేను తియ్యలేదని చెప్పు.